పలిసలు తినగా మిగిలినవి

మా మేనల్లుడు దుకాణానికి ఇనుప షట్టర్ పెట్టిస్తూ, వెనక సరుకుల అర్రకున్న పాత తలుపును చిట్యాలలో కర్ర కొనేవాడికి వేసేస్తున్నానని ఫోన్‌లో ఒక మాట చెవిన వేశాడు. చెవిన వేయడం వేరు, అడగడం వేరు. అడిగితే నేను ఊరికే ఇమ్మంటాను. చెవిన వేస్తే నేనే అడగాలి, వాడు కాసేపు బెట్టు చేయాలి, చివరికి అత్తమ్మ ముచ్చట పడిందని ఇచ్చినట్టు ఇవ్వాలి. దుకాణదారుల ఇంట్లో తలుపు ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోవడానికి ఇంత తతంగం ఉంటుంది. నేనూ తక్కువ తినలేదు. కొత్తకోట నుంచి బస్సులు మారి కట్టంగూర్ దాకా వచ్చింది తలుపు కోసం కాదనీ, మీ పిల్లలను చూసి పోదామనీ చెప్పాను. వాడు నమ్మినట్టు తలూపాడు. నేను వాడు నమ్మినట్టు నమ్మాను.

తలుపును అప్పటికే ఊడదీసి వాకిట్లో గోడకు ఆనించారు. దాని ముందు ఒక పిల్లగాడు, పిల్లగాడంటే ముప్పై ఏళ్ళుంటాయి, గొంతుక్కూర్చుని సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీస్తున్నాడు. మెడలో దూర్బీన్. ఇక్కడి బడిలో సారట, పేరు నరేశ్. ఆదివారం వచ్చిందంటే చెరువు కట్టల మీద తిరిగి, చలికాలంలో ఏ పిట్టలు వచ్చాయో, ఎన్ని వచ్చాయో రాసుకుంటాడట. మా మేనల్లుడు ఊరుకోలేక, మా అత్తమ్మ చిన్నప్పుడు ఊరికంతటికీ పిట్టల కబురు చెప్పేది, మా ముత్తాత అవన్నీ తలుపు మీద గుర్తు పెట్టాడు అని చెప్పాడట. ఆ సారు మర్నాడే వచ్చి వాలాడు.

"అమ్మా, గీ బొట్లన్నీ పలిసపిట్టలయేనా?" అన్నాడు నన్ను చూడగానే, నమస్తే సగంలో వదిలేసి.

"అవు బిడ్డా."

"పుస్తకాలల్ల గులాబీ గోరింక అంటరు."

"పుస్తకాలకు చేను లేదు గద, గులాబీ అనే అంటయి. మా దిక్కు దొంగలు అనేటోళ్ళు."

నవ్వాడు. ఆ తర్వాత అన్న మాటతో నా నవ్వు ఆగిపోయింది. ఈ జిల్లాలో ఇంత పాత లెక్క ఎవరి దగ్గరా లేదనీ, చలికాలానికి ఒక వరుస చొప్పున ఇన్ని వరుసలు దొరకడం మామూలు సంగతి కాదనీ, తను రాసే దాంట్లో ఇదంతా పెడతాననీ అన్నాడు. "చూసిన మనిషి అని మీ పేరు పెడత అమ్మా. పూర్తి పేరు చెప్పుండ్రి."

మా ఇంట్లో నా పేరు ఇప్పటిదాకా అచ్చయింది పెళ్ళి కార్డు మీద ఒక్కసారి. అదీ ఒక అక్షరం తప్పుతో. చెప్పేద్దామని నోరు తెరిచాను కూడా. కానీ ఆ తలుపు మీది బొట్లలో ఎన్ని నిజమో, ఎన్ని నా నోటి నుంచి పుట్టినవో నాకు తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలియదనుకునేదాన్ని. కాసిన్ని చాయ నీళ్ళు తాగి చెబుతానన్నాను. బేరంలో నోరు పెగలనప్పుడు చాయ అడగాలన్నది మా తాత నేర్పిన విద్య.

ఆ తాత సంగతి చెప్పాలి. మాది కిరాణం, దానితోపాటు జొన్నల వ్యాపారం. దుకాణం రోడ్డు వైపు, ఇల్లు వెనక, మధ్యలో ఈ అర్ర. అర్ర తలుపు తీస్తే బెల్లం, చింతపండు, గోనెసంచులు, గ్యాస్‌నూనె అన్నీ కలిసి ఒకే వాసనగా మీద పడేవి. నా బట్టలకూ జుట్టుకూ అదే వాసన. బడిలో పక్కన కూర్చున్న పిల్ల నా జడ నాకి చూసిందని మా నాయనమ్మ, అవ్వ అనేవాళ్ళం, జీవితాంతం చెప్పి నవ్వేది. అవ్వ తెల్లవారకముందే లేచి జొన్నరొట్టెలు తట్టేది. ఆ తట్టే చప్పుడే మాకు గడియారం. చప్పుడు ఆగిందంటే లేవాలి, లేవకపోతే వేడి రొట్టె అన్నల పాలు.

తాతకు కళ్ళల్లో పొరలు. మోతిబిందు అనేవాళ్ళు. హైదరాబాదులో దవాఖానకు పోదామని మా బాపు ఏటా అనేవాడు. చలి తగ్గాక పోదామని తాత ఏటా అనేవాడు. చలి తగ్గేసరికి ఎండలు, ఎండలు తగ్గేసరికి వానలు. అలా ఒక మనిషి కళ్ళు మూడు కాలాల మధ్య పోయాయి. కానీ గద్దె మీద కూర్చుంటే మాత్రం ఎవరూ మోసం చేయలేకపోయేవారు. జొన్నలు గుప్పిట్లోకి తీసుకుని, బొటనవేలితో ఒకసారి తిప్పి, ఇవి ఏ చేనువో, ఎన్ని రోజులు ఎండాయో చెప్పేవాడు. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని తల ఒక పక్కకు వాల్చేవాడు. నడుం నొప్పికి అలా కూర్చుంటాడని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

చలి మొదలవుతుంటే మా ఊరికి పిట్టలు దిగేవి. చెరువులోకి రకరకాల బాతులు, వాటిలో తోక సూదిలా సాగినవి కొన్ని. దుకాణం ముందు తోక కిందికీ మీదికీ ఆడిస్తూ పరుగెత్తే బూడిద రంగు పిట్టలు. చేలమీద తక్కువ ఎత్తులో తేలిపోయే సన్నరెక్కల గద్దలు. వీటితో మాకు పని లేదు. మాకు పని పలిసలతోనే. తల నలుపు, రెక్కలు నలుపు, వీపూ పొట్టా ఉల్లిపొర రంగు. ఒకటి చూస్తే ముద్దొస్తుంది. అవి ఒకటి ఎన్నడూ రావు. దండుగా వచ్చి, పచ్చజొన్న కంకి పాలు పోసుకున్న సమయానికి చేను మీద పడితే, మంచె మీది మనిషి వడిశెలలో రెండో రాయి పెట్టుకునేలోపు సగం చేనులో ఉత్త బెండ్లే మిగిలేవి. కాబట్టి పలిసలు ఎప్పుడొచ్చాయి, ఏ దిక్కు వాలాయి, ఎన్నిసార్లు వచ్చాయి అన్నది మా తాతకు కావాలి. కార్తీక పున్నమి లోపల వచ్చాయా, వేసవికి జొన్న కరువు, ఇప్పుడే అర్ర నింపుకోవాలి. తర్వాత వచ్చాయా, తొందర లేదు. రేడియోలో ధరలు చెప్పని కాలంలో ఆకాశం చెప్పేది.

అందుకని దుకాణంలో ఒక ఆచారం ఉండేది. పలిసల దండు దిగిందని మొదట కబురు తెచ్చిన వాళ్ళకు పిడికెడు బెల్లం. పశువుల కాపరి కావచ్చు, పొలం పోయే ఆడమనిషి కావచ్చు, ఎవరైనా సరే. కబురు అందగానే తాత సున్నపు కాయలో వేలు ముంచి, తడుముకుంటూ అర్రలోకి పోయి, తలుపు లోపలి వైపు ఒక బొట్టు పెట్టేవాడు. ఒక చలికాలం అయిపోతే కింద కొత్త వరుస.

నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఈ ఏర్పాటులో లోపం కనిపించింది. పిడికెడు అంటే తెచ్చిన వాళ్ళ పిడికెడు. నా పిడికిట్లో పట్టేదెంత? తాత ముందు కూర్చుని వాదించాను.

"తాతా, పెద్దోళ్ళు చూసినా గవే పిట్టలు, నేను చూసినా గవే పిట్టలు. బెల్లం ఎందుకు తక్కువ?"

"నీ చెయ్యి చిన్నది గద బిడ్డా."

"చూసింది చేతితోనా?"

తాత పుల్ల నములుతూ ఆలోచించాడు. "సరే తియ్, నా పిడికెడు ఇస్త. గని ఎన్ని పిట్టలో లెక్క గూడ చెప్పాలె."

నా బతుకులో నేను గెలిచిన మొదటి బేరం అది. గెలిచాననే అనుకున్నాను. ఇక లెక్క దగ్గర అసలు పని మొదలైంది. నేను వెయ్యి పిట్టలు అంటే తాత ఐదు నూర్లు అనేవాడు. నేను ఎనిమిదికి దిగితే ఆయన ఆరుకు ఎక్కేవాడు. మిరపకాయల బస్తాకు ఎలా బేరం చేస్తారో పిట్టలకూ అలాగే చేసేవాళ్ళం, అంతే గంభీరంగా, అంతే ఓపికగా. ఎక్కడో చేను మీద ఉన్న పిట్టలు మా ఇద్దరి మధ్య పెరిగేవి, తగ్గేవి. చివరికి ఒక అంకె దగ్గర ఆగి, ఇద్దరం తృప్తి పడేవాళ్ళం. ఆ అంకె ఆకాశంలో ఉందా లేదా అని ఎవరం పోయి చూడలేదు.

అలాంటప్పుడు అసలు పిట్టలే లేకుండా బేరం ఎందుకు చేయకూడదన్న ఆలోచన రావడానికి పెద్ద తెలివి అక్కరలేదు. మొదటిసారి భయపడుతూ చెప్పాను. తాత బేరమాడాడు, బెల్లం ఇచ్చాడు, బొట్టు పెట్టాడు. రెండోసారి భయం లేదు. ఎవరికీ నష్టం లేని అబద్ధమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. కళ్ళు కనబడని మనిషి, ఆయనకు పిట్ట ఉన్నా లేకున్నా ఒకటే కదా అని కూడా అనుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది. అప్పుడు మాత్రం ఏమీ వేయలేదు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో ఒక చలికాలం, పలిసలు ఎంతకీ రాలేదు. చలి వచ్చింది, చెరువులో బాతులు వచ్చాయి, పలిసలు లేవు. బెల్లం మాట లేదు. ఒక పొద్దున నేను వాకిట్లోంచి రొప్పుతూ పరుగెత్తుకొచ్చాను. రొప్పడం కోసం ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాను, అది వేరే సంగతి.

"తాతా, పలిసలొచ్చినయి."

"ఏడ?"

"కుంట కింద. తుమ్మ చెట్ల మీద."

కుంట కింద తుమ్మచెట్లను ఆనుకుని సాయన్న కౌలుకు చేసే జొన్నచేను ఉంది. నాకు ఆ ఎరుక లేక కాదు, నోటికి ముందు వచ్చిన జాగా అది. తాత గల్లాపెట్టె పక్కనున్న బెల్లం ముద్ద కొట్టి చేతిలో పెట్టాడు. ముందే ఇవ్వడం ఆయన పద్ధతి. సరుకు చేతిలో పడ్డాక మనిషి లెక్క దగ్గర మెత్తబడతాడు.

"ఎన్ని ఉంటయి?"

"వెయ్యి."

"వెయ్యి ఉండయి తియ్. నాలుగు నూర్లు అను."

"ఎనిమిది."

"అయిదు."

"ఏడు. దండు శాన పెద్దగున్నది తాతా, చెట్టు కనవడలే."

"ఆరు నూర్లు. ఇగ మాట్లాడకు."

"ఆరు నూర్లు" అని నేను ఒప్పుకున్నాను, నష్టపోయిన దాని మొహం పెట్టి.

అప్పుడు ఉప్పు బస్తాల వెనక నుంచి సాయన్న లేచి నిలబడ్డాడు. ఎడ్లకు పగ్గాలు ఏరుకోవడానికి వచ్చి, అప్పటిదాకా అక్కడే కూర్చున్నాడు. చేతిలో పగ్గం ఉంది. మొహంలో నెత్తురు లేదు.

"బిడ్డా, నిజంగ చూసినవా? మా తుమ్మల మీదనేనా?"

ఇప్పుడు కూడా ఆలోచిస్తే ఆ క్షణంలో చాలా జాగా ఉంది. సరిగ్గా చూడలేదు, కాకులు కావచ్చు, ఇంకో కుంట కావచ్చు, ఏదైనా అనవచ్చు. కానీ మాట వెనక్కి తీసుకుంటే బెల్లం వెనక్కి ఇవ్వాలి. అది అప్పటికే నోట్లో ఉంది.

"చూసిన" అన్నాను.

"సాయన్నా, నాకు సప్పుడేం రాలే పొద్దుగాల" అన్నాడు తాత. "జర రెండు దినాలు ఆగరాదు. కంకి ఇంక గట్టిపడలే."

"నీ చెవుల మీద నా చేను నిలబెట్టమంటవా సావుకారీ. నిరుడు మాపటికి కోద్దామనుకున్న, పగటికే ఊడ్సిపోయినయి. ఆరు నూర్లంటే ఇగ మిగిలేదేంది."

ఆరు నూర్లు. నేను వెయ్యి అని ఊరుకుని ఉంటే పిల్ల మాట అని నవ్వి పోయేవాడు. ఇద్దరు వ్యాపారులు ఎక్కువా తక్కువా ఆడి, ఒకరు నష్టపోయి, ఒకరు గట్టిగా నిలబడి తేల్చిన అంకెను సాయన్న ఎట్లా కాదంటాడు? మా ఊళ్ళో బేరం కుదిరిన దానికంటే పెద్ద సాక్ష్యం లేదు.

సాయన్న చేనుకు పోయేసరికి తుమ్మల మీద ఒక్క పిట్టా లేదు. అయినా ఆయన అనుమానపడలేదు. పలిసలు లేవంటే రాలేదని కాదు, పక్క చేను మీద ఉన్నాయని. పగ్గం కింద పడేసి కొడవలి తీశాడు. ఆయన, ఆయన భార్య లచ్చమ్మ, ఆమె అక్క, ముగ్గురు. మధ్యాహ్నం బడి వదిలాక నేను ఆ దారినే పోయాను. పోకుండా ఉండలేకపోయాను. పచ్చి కంకులు కోస్తుంటే కొడవలి మీద పాలు కారి, దానికి మట్టి అంటుకుని, పదును పోయి, సాయన్న మాటిమాటికీ పంచెకు తుడుచుకుంటున్నాడు. లచ్చమ్మ నన్ను చూసి నడుం నిలబెట్టింది.

"నువ్వు చూసి చెప్పినవ్, నీ కడుపు సల్లగుండ. రా బిడ్డా."

నాలుగు కంకులు మంట మీద కాల్చి, రెండు చేతుల మధ్య నలిపి, పొట్టు ఊది, ఊసబియ్యం నా దోసిట్లో పోసింది. పాలు ఇంకని గింజలు, తియ్యగా, వేడిగా ఉన్నాయి. అన్నీ తిన్నాను. అంత మంచి తిండి ఆ ఏడు నేను మళ్ళీ తినలేదు.

పలిసలు ఆ రోజు రాలేదు. మర్నాడు రాలేదు. వారం గడిచింది. పక్క చేలవాళ్ళు కంకులు గట్టిపడేదాకా ఆగి, నింపాదిగా, పాటలు పాడుకుంటూ కోసుకున్నారు. వాళ్ళ కళ్ళాల్లో జొన్న ముత్యాల్లా రాలింది. సాయన్న కళ్ళంలో తూర్పార పడితే గాలికి గింజే ఎగిరిపోయింది. మిగిలింది ముడుచుకుపోయిన తాలు. ఎవరైనా అడిగితే సాయన్న ఒకే మాట అనేవాడు, "ఎవరిని అనేది ఉన్నది, పిట్టలు మనసు మార్చుకున్నయి." నన్ను మాత్రం అనలేదు. నన్ను అనాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

ఒక నాడు ఆ తాలుజొన్నలు బండి మీద మా దుకాణానికి వచ్చాయి. సాయన్న తల దించుకుని నిలబడ్డాడు. ఇంకో వ్యాపారి దగ్గరికి తీసుకుపోతే సంచి విప్పకుండానే తిప్పి పంపాడట. తాత సంచిలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తీసి, బొటనవేలితో తిప్పాడు. ఆ వేలు ఆగింది. మళ్ళీ తిప్పాడు. నేను అర్ర గడపలో నిలబడి ఆ బొటనవేలినే చూస్తున్నాను. "కొల్వుండ్రి" అన్నాడు. గట్టిగింజకు ఏ ధర కడుతున్నాడో దానికీ అదే కట్టాడు. సాయన్న ఏదో అనబోతే, "నీది గాదు నష్టం, పో" అని పంపేశాడు.

అవ్వకు ఈ సంగతి రొట్టె తట్టేటప్పుడు తెలిసింది. పిండి అంటుకోదు, రొట్టె చేతిలోనే విరుగుతుంది.

"కండ్లు పోయినయని తెలుసు, చేతులు గూడ పోయినయా నీకు? పట్టి చూస్తె తెల్వలేదా తాలని?" అంది తాతతో.

"తెలిసింది."

"తెలిసి కొన్నవా? ఇవి ఎవలు తినాలె?"

"మనమే. పలిసలు తినంగ మిగిలిన జొన్న గట్లనే ఉంటది మరి."

"ఏ పలిసలు? ఒక్కటన్న రాకపాయె."

"ఎందుకు రాలే," అన్నాడు తాత, గోడకు చెప్పినట్టు. "ఆరు నూర్లు వచ్చినయి. మన రుక్కమ్మ చూసింది."

నేను పలక మీద ఎక్కాలు రాస్తున్నాను. చాలా శ్రద్ధగా రాశాను. తాతకు పెద్దతనం వచ్చింది, ఏం చెప్పినా నమ్ముతాడు పాపం అనుకున్నాను. అంత తెలివిగల దాన్ని నేను.

ఆ తర్వాత పది దినాలకు అవి నిజంగా వచ్చాయి. పొద్దు పొడిచే వేళ, నేను వాకిట్లో మొహం కడుక్కుంటున్నాను. ముందు ఆకాశం ఒక మూల మసకబారింది. ఆ మసక ముద్దకట్టి, సాగి, తిరగబడి, ఒక్కసారిగా గులాబీ రంగుకు మారి మళ్ళీ నల్లబడింది. దుకాణం ఎదుటి తుమ్మ నిండిపోయింది. వందల గొంతులు ఒకేసారి, అంగట్లో ఆడవాళ్ళంతా ఒకే గాజుల మలారం మీద పడ్డట్టు కిచకిచలు. బేరం లేకుండా చెబుతున్నాను, వెయ్యికి తక్కువ లేవు. చేలన్నీ అప్పటికే ఉత్త కొయ్యకాళ్ళు, ఊళ్ళో ఎవరికీ ఇక పిట్టలతో పని లేదు. అవి లేచి, కోసేసిన చేల మీద ఒక చుట్టు తిరిగి, ఏమీ దొరక్క తెల్లబోయినట్టు మళ్ళీ వచ్చి వాలాయి.

అంత అందమైనది నేను ఆ వయసులో చూడలేదు. నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబితే మరి అప్పుడు చూసినవేమిటి అని లెక్క తీస్తారు. సాయన్నకు తెలుస్తుంది. లచ్చమ్మకు తెలుస్తుంది. నా జీవితంలో మొదటిసారి చేతిలో అసలు సరుకు ఉండి అమ్ముకోలేకపోయాను.

తాత అరుగు మీద ఉన్నాడు, తల ఒక పక్కకు వాల్చి.

"ఏందో సప్పుడైతాంది గద రుక్కమ్మా."

"బస్సు తాతా. నల్గొండ బస్సు."

"బస్సా," అన్నాడు. వేపపుల్ల అవతల పారేశాడు. లేచి గోడ పట్టుకుని అర్రలోకి పోయాడు. బెల్లానికో చింతపండుకో పోయాడనుకున్నాను.

ఆ వేసవి అంతా మా ఇంట్లో తాలు రొట్టెలే. చేదుగా, పొడిపొడిగా, పళ్ళ సందుల్లో ఇసుకలా ఉండేవి. అన్నలు గొణిగేవారు. తాత తన రొట్టెలో సగం విరిచి, తడుముతూ నా కంచం వెతికి, అందులో వేసేవాడు. "తిను బిడ్డా. పలిసలు తినంగ మిగిలినయి." ప్రతి పూటా అదే మాట, ఒక్క అక్షరం మారకుండా. నా మీద ప్రేమ అనుకున్నాను. వద్దంటే బాగుండదని తిన్నాను. ఆ వేసవి అయ్యేసరికి సాయన్న చేను జొన్నలో ఎక్కువ భాగం నా కడుపులోనే పడి ఉంటుంది.

ఆ తర్వాత నేను అబద్ధాలు మానేశానని రాసుకుంటే బాగుంటుంది. పిట్టల విషయంలో మానేశాను, అదీ మంచితనంతో కాదు, రొట్టెల భయంతో. మిగతా విషయాల్లో వ్యాపారానికి ఎంత కావాలో అంత. తాత నా పెళ్ళికి ముందే పోయాడు, కళ్ళ ఆపరేషన్ మాట చలి తగ్గేదాకా అలాగే ఉంది. నన్ను కొత్తకోటలో ఇంకో దుకాణానికి ఇచ్చారు. గద్దె మారింది, వాసన మారలేదు. అక్కడా చలికాలం చేల వైపు ఒక చెవి వేసి ఉండేదాన్ని. మొదట జొన్న తగ్గింది, తర్వాత పలిసలు తగ్గాయి. ఇప్పుడు ఈ రెండు ఊళ్ళ చుట్టూ పత్తి, బత్తాయి తోటలు. మా మేనల్లుడి దుకాణంలో జొన్నపిండి ప్లాస్టిక్ సంచిలో వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళ కోసం. పేదవాళ్ళ తిండి దవాఖాన తిండి అయింది, ధర కూడా ఆ దామాషాలోనే పెరిగింది. కిందటి చలికాలం పలిసలు ఎన్ని కనిపించాయని నరేశ్ సారును అడిగాను.

"ఒక్కసారే అమ్మా. నలభై మూడు."

"నలభై అనరాదు."

"నలభై మూడు ఉండె" అన్నాడు అయోమయంగా. వీడికి వ్యాపారం రాదని అర్థమైంది. చేతిలో చాయ చల్లారింది.

"గిదేందో జర చూడుండ్రి" అని నన్ను తలుపు దగ్గరికి పిలిచాడు. "కొన్ని బొట్ల పక్కన గీత ఉన్నది, మేకుతోని గీకినట్టు. కొన్నిటికి లేదు. ఎందుకమ్మా?"

నేను ఆ తలుపును పదేళ్ళు రోజూ చూశాను, చీకటి అర్రలో. తెల్ల బొట్లు తప్ప ఏమీ కనబడేది కాదు. ఎండలో పెట్టాక ఇప్పుడు కనిపిస్తోంది. కొన్ని బొట్ల పక్కన, కర్రలోకి లోతుగా, గింజంత పొడుగు గీత. వేలు పెట్టాను. వేలికి తగిలింది. కళ్ళున్న వాళ్ళ కోసం సున్నం పెట్టాడు, తన కోసం గీత గీసుకున్నాడు, తడిమి చూసుకోవడానికి. మేము చెప్పింది సున్నం. ఆయన చెవులతో విన్నది గీత. పొద్దున్నే తల వాల్చి కూర్చున్నది నడుం నొప్పికి కాదు.

నా తొమ్మిదో ఏటి వరుసలో రెండు ఒంటి బొట్లు. పదో ఏడు నాలుగు. అన్నీ నావే. ఒక్కొక్కదానికీ ఆయన బేరమాడి, తగ్గించి, తన పిడికెడు బెల్లం ఇచ్చాడు.

"ఇంకొకటి ఉన్నది" అన్నాడు సారు, కింది వరుస చూపిస్తూ. "ఈ ఏడు ఒకటే బొట్టు, దాని పక్కన గీత లేదు. కొంచెం అవతల గీత ఉన్నది, దానికి బొట్టు లేదు. తప్పు వడ్డదా?"

బొట్టు లేని ఆ గీత మిగతా వాటికంటే లోతుగా ఉంది. నల్గొండ బస్సు. నేను అక్కడే గడపరాయి మీద కూర్చున్నాను.

"తప్పు వడలే" అన్నాను. "ఒంటి బొట్లన్నీ కొట్టెయ్యి బిడ్డా. అవి పిట్టలు గావు, బెల్లం. గీత ఉన్నయి రాసుకో. ఆ ఒంటి గీత గూడ రాసుకో, గది అన్నిటికంటె నిజం."

ఎందుకని అడిగాడు. చెప్పాను, సాయన్న కొడవలి దగ్గర నుంచి రొట్టెల దాకా. మా మేనల్లుడు షట్టర్ పనివాళ్ళను వదిలేసి వచ్చి నిలబడి విన్నాడు. ఊళ్ళో నాకున్న ఒక్క కీర్తీ వాడి మొహంలోంచి దిగిపోవడం చూశాను. సారు చాలాసేపు కాగితం మీద కొట్టేసుకున్నాడు. ఆ పని అయ్యాక, "మరి చూసిన మనిషి అన్నకాడ మీ పేరు తీసేస్తే ఎవరి పేరు పెట్టాలె?" అన్నాడు.

"మా తాతది పెట్టు."

"ఆయనకు కండ్లు కనవడవు అంటిరి గద."

"కనవడవు."

"చూసిన మనిషికే కండ్లు లేవని రాస్తె ఎవలు నమ్ముతరమ్మా?"

"నమ్ముతరు తియ్" అన్నాను. "కండ్లు రెండు ఉన్న నన్ను నమ్మలేదా."

తలుపు సంగతి మా మేనల్లుడే ఎత్తాడు. చిట్యాల వాడు ఇస్తానన్న ధర చెప్పాడు, తప్పకుండా ఎక్కువ చేసే చెప్పి ఉంటాడు. నేను నోరు తెరిచాను, అలవాటుగా, సగానికి అడగడానికి. తర్వాత మూసుకుని, వాడు అడిగినంతకే ఒప్పుకున్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "అత్తమ్మా, పాణం మంచిగున్నది గద?" అని అడిగాడు.